వినగడప చేలో ఒక్కసారి

"పాస్ అని రాయలేను మేడమ్," అంది గ్లోరి, కుర్చీలో కూర్చోకుండానే.

గీతాంజలి కంప్యూటర్ మీంచి తలెత్తింది. తిరువూరులో మందుల షాపు పైన ఉన్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి ఆమే యజమాని. గ్లోరి కొత్తగా చేరిన టెస్టరు. వేరేవాళ్ళు తయారుచేసిన యాప్‌లో తప్పులు వెతకడం ఆమె పని. ఇప్పుడు చేతిలో ఉన్న యాప్‌ని సాయంత్రం ఒక ప్రైవేటు ఆసుపత్రికి అప్పగించాలి. పొలంలో ఎవరినైనా పాము కరిస్తే ఫోన్లో ఎర్ర బటన్ నొక్కాలి. కబురు ఆసుపత్రికి వెళ్తుంది, అంబులెన్స్ వస్తుంది. అంతా బాగుందని గ్లోరి ఒక్క మాట రాస్తే చాలు.

ఏమైందని అడిగింది గీతాంజలి.

ఆదివారం చర్చికెళ్ళొచ్చాక గ్లోరి వినగడపలో అమ్మమ్మ పనికెళ్ళే మిరపచేలోకి వెళ్ళి బటన్ నొక్కిందట. అక్కడ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అంబులెన్స్ బయలుదేరిందని ఫోన్ చెప్పింది. ఆఫీసుకొచ్చి కంప్యూటర్లో చూస్తే అసలు కబురే చేరలేదు.

"ఇక్కడ నొక్కి చూశావా?"

చూసింది. ఆఫీసులో నొక్కింది, బజార్లో నొక్కింది, ఫోన్లో నెట్ ఆపేసి కూడా నొక్కింది. సిగ్నల్ ఉన్నచోట కబురు వెళ్ళింది. లేనిచోట, వెళ్ళలేదని యాప్ సరిగ్గానే చెప్పింది. ఆ చేలోనే మళ్ళీ నొక్కితే అప్పుడూ బాగానే పనిచేసింది.

"అంటే తప్పు వచ్చింది ఒక్కసారి."

"ఒక్కసారే మేడమ్."

గీతాంజలి వెనక్కి వాలింది. ఒక్కసారి వచ్చి మళ్ళీ కనపడనిదాన్ని పట్టుకు కూర్చుంటే ఏ యాపూ గడప దాటదంది. నీ ఫోన్‌లోనే ఏదో తేడా ఉండొచ్చంది. ఇవాళ ఇవ్వకపోతే ఆసుపత్రి వాళ్ళు ఇంకొకరి దగ్గరికి పోతారంది. చివరికి, నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు కదా అని మెల్లగా గుర్తుచేసింది.

గ్లోరికి ఈ ఉద్యోగం వచ్చినప్పుడు వీధిలో ఇంటింటికీ కేకు పంచిన అమ్మ కళ్ళముందు మెదిలింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"పాము కరిచేది కూడా ఒక్కసారే కదా మేడమ్," అంది. "కబురు వెళ్ళలేదని తెలిస్తే ఏ బైకు మీదో కూర్చోబెట్టుకుని పరిగెత్తుతారు. వెళ్ళిందంటే నమ్మి అక్కడే ఎదురుచూస్తారు. మీరు ఇచ్చేస్తానంటే ఇచ్చేయండి. నేను వద్దన్నానని మాత్రం వాళ్ళకి చెప్పండి."

గీతాంజలి నవ్వేసి ఫోన్ తీసింది. యాప్ తయారుచేసిన గిరిబాబు అప్పటికే ఆసుపత్రిలో ఉన్నాడు, కబుర్లు అందుకునే కంప్యూటర్ బిగిస్తూ.

"గిరీ, మనమ్మాయి పట్టేసింది. నువ్వు పెట్టిన తప్పు తీసెయ్యి."

అట్నుంచి గిరిబాబు ఏదో నసిగి, సరే మేడమ్ సరే అని ఫోన్ పెట్టేశాడు.

గ్లోరికి ఏమీ అర్థం కాలేదు. కూర్చోమని గీతాంజలి అసలు సంగతి చెప్పింది. కొత్త టెస్టరు చేరినప్పుడల్లా యాప్‌లో కావాలని ఒక తప్పు దాచమని గిరిబాబుకి చెబుతుంది. అదేంటో తనకి కూడా చెప్పొద్దంటుంది. టెస్టరు దాన్ని పట్టుకున్నాక ఇలా కాస్త బెదిరించి చూస్తుంది.

"వెతకడం ఎవరికైనా నేర్పొచ్చు గ్లోరీ. వద్దని గట్టిగా చెప్పడం నేర్పలేం. నీ ఉద్యోగం పర్మినెంటు. ఇంక పాస్ అని రాసెయ్యి."

గ్లోరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కాస్త కోపం కూడా వచ్చింది. తన కంప్యూటర్ ముందు కూర్చుంది కానీ ఏమీ రాయలేదు.

"మళ్ళీ ఏంటి?"

"తీసేశారు సరే మేడమ్. పోయిందో లేదో నేను చూడలేదు కదా."

గీతాంజలి గోడ గడియారం కేసి చూసి, నిట్టూర్చి, కారు తాళాలు అందుకుంది.

వినగడప చేలో గ్లోరి అమ్మమ్మ అంతోనమ్మ మిరపకాయలు కోస్తోంది. గ్లోరి గట్టు మీద నిలబడి బటన్ నొక్కింది. కబురు వెళ్ళింది. చేను మధ్యకెళ్ళి నొక్కింది. వెళ్ళలేదని ఫోన్ నిజమే చెప్పింది. మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఘాటుకి గీతాంజలి తుమ్ముతూ, ఇక చాలు పదమంది. ఆఖరిసారి అని గ్లోరి ఇంకొంచెం లోపలికెళ్ళి నొక్కింది.

"అంబులెన్స్ బయలుదేరింది. ధైర్యంగా ఉండండి," అంది ఫోన్.

అంతోనమ్మ చేతిలో కాయలు వదిలేసి కంగారుగా వచ్చింది. "ఎవరికేమైందే? ఎంతసేపట్లో వస్తదంట?"

గీతాంజలి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని సిగ్నల్ కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది. గ్లోరి వెనకే వెళ్ళింది. ఇప్పుడు నొక్కిన కబురు ఆసుపత్రికి చేరిందా అని గీతాంజలి గిరిబాబుకి ఫోన్ చేసి అడిగింది. రాలేదన్నాడు.

"మరి నువ్వు పెట్టిన తప్పు తీసెయ్యమన్నాను కదా గిరీ?"

గిరిబాబు గొంతు తగ్గించాడు.

"సారీ మేడమ్. పని హడావుడిలో మర్చిపోయాను... నేను అసలు ఏ తప్పూ పెట్టనే లేదు."