మొరాయించిన బండి

"చైను తెగింది. వ్యాన్ తీసుకుని రా," అన్నాడు భర్త ఫోన్‌లో.

ఆమె చేతిలోని తుడుపు గుడ్డను బకెట్లోకి విసిరికొట్టింది.

"నేను వ్యాన్ ముట్టుకోనని తెలుసుగా. మీ గుంపులో ఎవరికైనా చెప్పుకోండి."

"వాళ్లు ముందుకెళ్లిపోయారు. ఇక్కడ నేనొక్కణ్ణే. క్వారీ దగ్గరే. అంతా చదును రోడ్డు."

మనిషిని నడిదారిలో వదిలేసి పోయే స్నేహితులు. ఆమెకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లుగా ఆదివారమైతే చాలు, గుట్టల్లో మట్టిదారుల్లో బైకులు తోలే గుంపుతో పోతున్నాడు. వారమంతా బట్టల కొట్లో గుడ్డ కొలిచి చింపే మనిషి. ఇంట్లో కుళాయి కారుతుంటే కింద గిన్నె పెడతాడు తప్ప వాషర్ మార్చడు. అలాంటివాడికి కొండల మీద బైకు. తలుచుకుంటేనే వెగటు.

ఆమెది నర్సరీ మొక్కలు చేరవేసే వ్యాన్. ఏళ్ల తరబడి కొండమీది బంగళాలకు పూలకుండీలు తోలింది. పోయినేడాది వానలో కొండ మలుపు దగ్గర వ్యాన్ జారింది. ముందు చక్రం ఒకటి లోయ మీద గాల్లో వేలాడింది. ఆమెకు గీత కూడా పడలేదు. వ్యాన్ బాగై వచ్చింది. కానీ దాన్ని షెడ్డులో పెట్టి పరదా కప్పేసింది. నర్సరీ యజమాని ఎన్నిసార్లు పిలిచినా మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

పక్కింటివాళ్లనడిగింది. ఎదురింటివాళ్లనడిగింది. ఆదివారం పూట ఎవరూ కదల్లేదు. పళ్లు కొరుకుతూ పరదా లాగింది. వ్యాన్ ఒక్క తిప్పుకే స్టార్టయింది. రెండో గేరు దాటకుండా, చెమటలు కక్కుతూ క్వారీ చేరింది.

అతను బురద ముద్దలా నిలబడి ఉన్నాడు. చేతిలో చైను చచ్చిన పాములా వేలాడుతోంది. ఆమె దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది. లింకుల నిండా మట్టి.

"ఇది నూనె మొహం చూసి ఎన్నాళ్లయింది? ఛీ. పశువులు నయం."

"రాళ్లదారి కదా. బండి తట్టుకోలేదు."

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. బండినేం అనకండి."

దున్నపోతు మీద వాన కురిసినట్టు నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి చెక్కపలక మీదుగా బైకును వ్యాన్‌లోకి తోశారు.

నెల తిరక్కుండా మళ్లీ ఫోన్. ఈసారి కొండ మొదట్లో, వాగు అవతల. ఇంజన్లోకి నీళ్లు పోయాయట. స్టీరింగ్‌ను రెండు చేతులా బిగబట్టి వ్యాన్‌ను అంగుళం అంగుళంగా వాగు దాటించింది. తీరా వెళ్లి చూస్తే ఎయిర్ ఫిల్టర్ నిండా కుళ్లిన ఆకులు, నల్లటి బురద. ఆ కంపుకి డోకొచ్చింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే ఇంటిదాకా నడిపింది.

సాయంత్రం స్నానాల గదిలోకి వెళ్తే ఆ ఫిల్టర్ బకెట్లో నానుతోంది.

"నేను స్నానం చేసే బకెట్లోనా?"

"ఏదో ఒకటని..."

"మనిషన్నాక కాస్త రోత ఉండాలండీ."

బకెట్ తీసుకెళ్లి వీధిలో పారేసింది.

మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు ఆమె హలో కూడా అనలేదు. "ఏం తెగింది?" అంది.

"క్లచ్ వైరు."

"ఎక్కడ?"

"ఆ మలుపు దాటాక. పైన."

"తోసుకుంటూ కిందికి రండి."

"అంతా జారుడుగా ఉంది. బండిని పట్టుకోడానికే చేతులు చాలట్లేదు. జలగలు కూడా పట్టాయి."

మలుపు కింద వ్యాన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగింది. కొత్తగా సున్నం వేసిన పిట్టగోడ కనిపిస్తోంది. దాని అవతల ఏమీ లేదు. వెనక్కి తిప్పుకుని పోదామనుకుంది.

కొండెక్కే ప్రతివాడూ సంచిలో ఇంకో వైరు వేసుకుంటాడు. ఈయనకి ఆ ఇంగితం కూడా లేదు. కాళ్లకి జలగలు అంటించుకుని, నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ మొహం కళ్లముందు మెదిలింది. భయపడటానికి కూడా తీరిక లేనంత అసహ్యం పుట్టింది.

మొదటి గేరు వేసింది. వ్యాన్ మూలుగుతూ మలుపెక్కింది.

పైన అతను రాయి మీద కూర్చుని జలగలు పీకుతున్నాడు. మేజోళ్లు రక్తంతో తడిసి ఉన్నాయి. ఆమెను చూడగానే లేచి రెండడుగులు వేశాడు.

"నా మీదికి రాకండి. కంపు," అంది.

దిగేటప్పుడు మొదలుపెట్టిన తిట్లు ఊరొచ్చేదాకా ఆగలేదు. చైను, ఫిల్టర్, బకెట్, కుళాయి, చేతకానితనం, ఆ గుంపు. ఆ ధాటిలో మలుపు ఎప్పుడు వెనక్కి పోయిందో కూడా చూసుకోలేదు. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"రేపట్నుంచి నర్సరీకి పోతున్నా," అంది చివరికి. "ఇంట్లో ఉంటే మీ చాకిరీతోనే సరిపోతోంది. ఇకమీదట బండి ఆగితే దాన్నక్కడే పాతిపెట్టి నడిచి రండి."

"సరే. నీ ఇష్టం," అన్నాడు.

కొన్ని వారాల తర్వాత ఆమె పళ్ల డాక్టరు క్లినిక్కి మొక్కలు తీసుకెళ్లింది. వరండాలో కుండీలు సర్దుతుంటే గోడ మీద ఫొటో కనిపించింది. బురద బైకులు, బురద మనుషులు. మధ్యలో తన భర్త.

"మా ఆదివారం గుంపమ్మా," అన్నాడు డాక్టరు గ్లవ్స్ తీస్తూ. "అలా చూస్తున్నారు, తెలిసినవాళ్లున్నారా?"

"ఆ మధ్యలో ఉన్నది మా ఆయనండీ." ఆమెకు తల కొట్టేసినట్టయింది. "మాటిమాటికీ బండి ఆగిపోయి మీ అందరికీ ఎంత విసుగు పుట్టించారో. చైనుకి నూనె వెయ్యడం కూడా చేతకాదు."

డాక్టరు ఆమెను వింతగా చూశాడు.

"ఆయన బండి ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆగలేదమ్మా, దారిలో మా బళ్లు విప్పి బాగుచేసేదే ఆయన, కాకపోతే మూడుసార్లు మాత్రం ఇంట్లో పనుందని సగంలోంచి వెనక్కి వెళ్లిపోయాడు."