పగటి చప్పుడు

సీలింగు పైన మళ్లీ మొదలైంది.

ఆమె టైపు చేయడం ఆపి, చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసింది. గీకుడు. ఆ వెనకే సన్నగా కుయ్ కుయ్‌మంటూ మూలుగు. సరిగ్గా తన కుర్చీకి పైనే.

ఆమెది చెవుల మీద బతికే ఉద్యోగం. కోర్టులో రికార్డు చేసిన వాదనలు వింటూ ఇంట్లో కూర్చుని టైపు చేస్తుంది. ఎవరెంత గొణిగినా పొల్లుపోకుండా పట్టేస్తుందని పేరు. అలాంటి మనిషితో భర్త, "నీకేదో వినిపిస్తోందిలే" అన్నాడు.

ఆయన పొద్దున్నే బట్టల కొట్టు తెరవడానికి వెళ్తే ఇంటికొచ్చేది చీకటి పడ్డాకే. ఆదివారమూ అంతే. అప్పటికి సీలింగు కిక్కురుమనేది కాదు. ఒకరోజు సాయంత్రం ఆయన రాగానే ఇద్దరూ గంటసేపు పైకి చూస్తూ చెవులు రిక్కించారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన లేచి అన్నానికి కూర్చున్నాడు. మర్నాడు ఆడపడుచు ఫోన్ చేసి, ఎక్కాలు నేర్చుకునే పిల్లతో మాట్లాడినట్టు, "వేళకు తింటున్నావా వదినా?" అని నెమ్మదిగా అడిగింది.

మాట గడప దాటిందన్నమాట. ఆ రాత్రే భర్తను నిలదీసింది. ఆయన తల వంచుకుని, సరే, జంతువుల్ని పట్టేవాళ్లనే పిలుస్తానన్నాడు.

అన్నట్టే శుక్రవారం సాయంత్రం కొట్టు నుంచి వస్తూ ఒకాయన్ను వెంటబెట్టుకొచ్చాడు. ఇళ్లలో దూరిన జంతువుల్ని పడతాడని చెప్పాడు. నలభై అయిదేళ్లుంటాయి. నెమ్మదస్తుడు. స్టూలెక్కి, సీలింగు మూత జరిపి, టార్చి వేసి నిమిషం పాటు చూశాడు. దిగి చేతులు కడుక్కుని ఆమె ఎదుట కూర్చున్నాడు.

"జంతువును పట్టాలంటే ముందు దాని వేళలు తెలియాలి చెల్లెమ్మా. మీరు చెప్పండి, నేను వింటాను."

ఎన్నాళ్లుగా వినిపిస్తోంది, ఏ గదిలో, ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడేనా అని అడిగాడు. ఆ ఆలోచనతో రాత్రిళ్లు నిద్ర చెడుతోందా అని అడిగాడు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు. "మీకు వినబడుతోందంటే వినబడుతున్నట్టే కదా" అన్నాడు. ఆ మాటకు ఆమెకు కళ్లు చెమర్చాయి.

అలా మూడు శుక్రవారాలు వచ్చాడు. ఆయన వచ్చినప్పుడల్లా భర్త టీ పెట్టే నెపంతో వంటింట్లోకి తప్పుకునేవాడు. మూడోసారి ఆమె, ఎవరికీ చెప్పని మాట ఆయన ముందు బయటపెట్టింది.

"మొదటిరోజు అది పసిపిల్ల ఏడుపనుకున్నాను అన్నయ్యగారూ. మాకొక పాప పుట్టి, పదకొండు రోజులకే పోయింది. ఈ మాట మాత్రం మా ఆయనకు చెప్పకండి. తట్టుకోలేరు."

"చెప్పనమ్మా" అన్నాడాయన.

మర్నాడు భర్త మాత్రలు తెచ్చాడు. ఇవి వేసుకుంటే ఆ చప్పుడు ధ్యాస పోయి రాత్రి నిద్ర పడుతుందన్నాడు. వేసుకుంది. నాలుగు రోజులకే వేళ్లు మొద్దుబారాయి. రికార్డింగులో లాయరు మాటేదో, సాక్షి మాటేదో తేడా తెలియడం లేదు. పేజీలు తప్పులతో తిరిగొచ్చాయి. ఇంకోసారి ఇలాగైతే పని వేరేవాళ్లకివ్వాల్సి వస్తుందని పై ఉద్యోగిని మొహమాటంగా చెప్పింది. తన చెవులే తనను మోసం చేస్తున్నాయా అని ఆమెకు మొదటిసారి అనుమానమొచ్చింది.

ఆ మర్నాడు పొద్దున కూరగాయలు కొంటుంటే వీధిలో ఒక వ్యాను ఆగి ఉంది. ఇళ్లలో దూరిన పాముల్ని, కోతుల్ని, పిల్లుల్ని పడతామని దాని తలుపు మీద రాసుంది. స్టీరింగు ముందు ఒక బొద్దుపాటి మనిషి. ఆవిడ ముంజేతుల నిండా గోళ్ల గాట్లు. ఆమె తటపటాయించింది. అన్నయ్యగారికి తెలియకుండా ఇంకొకర్ని పిలవడం ఆయనకు ద్రోహం చేసినట్టేమో అనిపించింది. అయినా పిలిచింది.

ఆవిడ ప్రశ్నలేమీ వేయలేదు. ముందు ఇంటి చుట్టూ తిరిగింది. నీళ్ల పైపు మీద గోళ్ల గీతలు చూపించింది. ఏసీ పైపు లోపలికి పోయే కంత దగ్గర, పండ్ల గింజలు కలిసి ఎండిన పెంట చూపించింది. తర్వాత తొడుగులు వేసుకుని, సీలింగు పలక ఒకటి ఊడదీసి, నడుము దాకా పైకి దూరింది.

"పునుగుపిల్లి అమ్మా. పిల్లల్ని పెట్టింది. పొద్దుగూకగానే తిండికి పోయి తెల్లారేలోపు వస్తుంది. తల్లి లేనప్పుడు పిల్లలు నోరెత్తవు. అందుకే పగలు ఇంట్లో ఉండేవాళ్లకే తెలుస్తుంది. ఇంతకుముందు ఎవరికీ చూపించలేదా?"

"ఒకాయన మూడుసార్లు వచ్చారు."

"పైకి ఎక్కలేదా మరి?"

"ఆయన పద్ధతి వేరు" అంది ఆమె కాస్త ముభావంగా.

గుప్పెడంత పిల్లలు మూడు. ఆవిడ వాటిని పాత తువ్వాల్లో చుట్టి బోను లోపలి అరలో పెట్టింది. బోనును కంతకు ఆనించింది. పిల్లలు కుయ్‌మన్నాయి. కాసేపటికి సీలింగు మూలకు నక్కిన తల్లి తనంతట తానే నడిచొచ్చి బోనులో దూరింది.

"మీకూ వినబడుతోందా?" అని అడిగింది ఆమె.

"వినబడకపోవడమేంటమ్మా, వీధిలోకి వినబడుతుంటే."

ఆమె మెట్ల మీద కూలబడి కరువుతీరా ఏడ్చింది. ఆవిడ ఏమీ అడగకుండా కంతకు ఇనుప జాలీ బిగించి, బోనును ఊరి బయట పొదల్లో వదలడానికి పట్టుకుపోయింది.

ఆ కబురు ముందుగా చెప్పాలనిపించింది భర్తకు కాదు, తనను నమ్మిన ఒకే ఒక్క మనిషికి. భర్త ప్రతి శుక్రవారం పొద్దున ఇంటి ఫోను నుంచే ఆయనకు గుర్తుచేసేవాడు. ఆ నంబరే వెతికి కలిపింది. అవతల ఒకమ్మాయి ఎత్తింది. పిల్లి దొరికిందని, తను విన్నదంతా నిజమేనని, శుక్రవారాలు తమ ఇంటికొచ్చే అన్నయ్యగారికి ఒక్కసారి ఫోను ఇవ్వమని ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"డాక్టరుగారు వార్డులో ఉన్నారండీ, ఇది మానసిక వైద్యశాల, ఇంతకీ మీరు పేషెంటా, పేషెంటు తాలూకా?"