గోదా మట్టి

కొండ కింది అడవిలో గుండయ్య అనే ఎలుగుబంటి ఉండేది. ఏడేళ్లుగా కుస్తీలో దాని వీపుకి మట్టి అంటలేదు. గెలిస్తే దక్కేది ఒక్క మోదుగుపూల దండ. ఆ దండ దాని మెడలో పడ్డప్పుడల్లా కోరయ్య అనే అడవిపందికి కడుపు మండిపోయేది.

“నాకు లేనిది వాడికేం ఉంది, ఒంటినిండా బొచ్చు తప్ప!” అని కనబడ్డవాళ్లందరి దగ్గరా సణిగేది.

పోటీకి ముందురోజు గోదా మట్టిని మోకాలిలోతు గుల్లగా తవ్వడం అక్కడి ఆనవాయితీ. ఏటా ఆ పని గుండయ్యే చేసేది. చూసి చూసి కోరయ్య తేల్చేసుకుంది: ‘పడితే నడుం విరుగుతుందని భయం కాబోలు వీడికి!’

ఈ ఏడు తనూ పోటీకి పేరిచ్చి, “నువ్వు కూర్చో మామా, నేను తవ్వుతాను” అంది. ఎలుగు మురిసిపోయింది. కోరయ్య మూతితో పైపైన గీరి, అడుగునున్న గట్టినేలని అలాగే వదిలేసింది. ‘రేపు పడతావుగా, అప్పుడుంటుంది నీ పని!’

మర్నాడు అడవంతా గుమిగూడింది. రెండూ మట్టిని కళ్లకద్దుకుని కలబడ్డాయి. మూడో పట్టుకే గుండయ్య కోరయ్యని ఎత్తి వెల్లకిలా పడేసింది. దాని నడుం కలుక్కుమంది.

ఎలుగు గాభరాగా నేల తడిమి చూసింది. సంగతంతా అర్థమైంది.

“ఏడేళ్లలో నేను పడడం ఎప్పుడైనా చూశావట్రా అల్లుడూ? నేను తవ్వేది పడేవాళ్ల కోసం” అంటూ దాన్ని మెల్లగా లేవదీసింది.

నడుం నొప్పి నెల్లాళ్లకి తగ్గింది. ఆ మాట తలుచుకుంటే మాత్రం కోరయ్యకి ఇప్పటికీ ఎక్కడో కలుక్కుమంటుంది.