ఉత్తమ డ్రైవరు

"నీ మూత్రంలో గంజాయి తేలింది వెండెల్. సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి తాళం ఇలా ఇచ్చెయ్," అన్నాడు గోడౌన్ మేనేజరు లోయెల్.

"కొలరాడోలో అది నేరం కాదుగా?"

"పోలీసులకి కాదు. కంపెనీకి నేరమే."

"శనివారం ఇంట్లో పీల్చాను. ఇవాళ బుధవారం. నేనిప్పుడు మత్తులో ఉన్నానా?"

"లేవు. అయినా పరీక్షలో దొరికావుగా!"

వెండెల్ గోడ వైపు వేలు చూపించాడు. అక్కడ 'ఉత్తమ డ్రైవరు' అన్న అక్షరాల కింద అతని ఫొటోయే నవ్వుతోంది.

"ఆ బహుమతి వచ్చిన ఏడాదంతా విస్కీ తాగే బండెక్కాను. అది మానడానికే గంజాయి పట్టాను."

"తెలుసులే. అప్పట్లో నీ దగ్గర గుప్పుమనేది."

"తెలిసే బహుమతి ఇచ్చావా?"

"మన పరీక్షలో విస్కీ చూడరు కదరా!" లోయెల్ జాలిగా దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "మళ్ళీ దాన్నే పట్టుకో. ఇంకోచోటైనా ఉద్యోగం నిలుస్తుంది."

అతను చప్పరిస్తున్న పుదీనా బిళ్ళను దాటుకుని విస్కీ కంపు వెండెల్ మొహాన కొట్టింది.