నిండు నిమిషం

"ఫెయిల్," అన్నాడు భర్త, స్టాప్‌వాచ్ నొక్కి.

నర్సు చేతిలో అత్తగారి మణికట్టు అలాగే ఉండిపోయింది. "మెషిన్‌లో ఎంతొచ్చింది?"

"డెబ్భై ఆరు. నువ్వు చెప్పింది అరవై నాలుగు. పరీక్షలో వాళ్లు రెండు తేడా వస్తే ఊరుకుంటారేమో గానీ పన్నెండొస్తే ఊరుకోరు." తల్లి వేలికి తగిలించిన చిన్న మెషిన్ ఊడదీసి, నోటుబుక్కులో తేదీ పక్కన రెండంకెలూ రాసి, ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టాడు. నెల రోజులుగా పేజీల నిండా ఇంటూలే.

పరీక్ష రేపే. రెండుసార్లు పోయింది, ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే వలసొచ్చిన ఈ దేశంలో ఆమె ఇక నర్సు కాదు. పదమూడేళ్లు వార్డుల్ని ఒంటిచేత్తో నడిపిన మనిషి, జీవితాంతం వృద్ధాశ్రమంలో పక్కలు మారుస్తూ, నిన్నగాక మొన్న చదువైన పిల్లలు అది తే, ఇది తుడు అంటే తలూపుతూ బతకాలి.

మిగతావన్నీ కంఠతా వచ్చేశాయి. చేతులు కడుక్కోవడం, పేరు చెప్పుకోవడం, పేషంటు అనుమతి అడగడం, చేసే ప్రతి పనీ పైకి చెప్పడం. కొరకరాని కొయ్యగా మిగిలింది నాడి ఒక్కటే. పాత ఆసుపత్రిలో అరవై మందికి ఇద్దరు నర్సులు. పావు నిమిషం చూసి, నాలుగుతో హెచ్చవేసి, పక్క మంచానికి పరిగెత్తడమే. ఇక్కడేమో నిండు నిమిషం లెక్కపెట్టాలి. సగంలో ఎక్కడో తడబడేది. వేళ్ల కింద నాడి ఉన్నట్టుండి జారిపోయినట్టుండేది. పావు నిమిషానికి అలవాటుపడ్డ వేళ్లు మరి, ఇంతకన్నా ఏం చేస్తాయిలే అనుకునేది.

"మళ్లీ పట్టుకో అమ్మాయ్," అంది అత్తగారు సోఫాలో వెనక్కి వాలి. మొదటి రోజు నుంచీ ఆవిడే పేషంటు. "నేనెక్కడికీ పోను. కూరగాయల సంచీతో మూడంతస్తులెక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. వయసొచ్చేసిందే నాకు."

"అమ్మా, పేషంటు మధ్యలో మాట్లాడకూడదు."

"నువ్వూరుకోరా. చేతికి ఎర్ర పెన్నొచ్చేసరికి పెద్ద మాస్టారివైపోయావు."

ఈసారి కోడలు ఎనభై ఒకటి అంది. మెషిన్ డెబ్భై అంది. ఇంకో ఇంటూ పడింది.

"నా వల్ల కాదండీ. నాడి కూడా చూడలేనిదాన్ని, నేనేం నర్సుని," అంటూ బాత్‌రూంలోకెళ్లి తలుపేసుకుంది. కుళాయి తిప్పేసి, ఏడుపు బయటికి వినపడకుండా ఏడ్చింది.

మర్నాడు పొద్దున పరీక్ష గదిలో ఒక మంచం, ఒక తెర, ఒక గోడ గడియారం. మంచం మీద పేషంటుగా నటించడానికొచ్చిన బట్టతలాయన. పక్కన పరీక్ష పెట్టేవిడ. నర్సు చేతులు కడుక్కుంది, పేరు చెప్పింది, అనుమతి అడిగింది, బట్టతలాయన మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించింది.

ఒకటి, రెండు, మూడు. ఇరవై. నలభై. తడబడుతుందని భయపడుతూనే ఉంది, కానీ ఎక్కడా తడబడలేదు. అన్నీ ఒకే ఎడంలో, ఒకే జోరులో, బడిపిల్లల వరసలా వచ్చాయి. నిండు నిమిషం.

"డెబ్భై రెండు," అంది.

పరీక్ష పెట్టేవిడ తన మెషిన్ చూసుకుని టిక్కు పెట్టింది. ఎగిరి గంతేయాల్సిన మనిషి తన మూడు వేళ్లకేసి చూసుకుంది. ఒక్కో పనికి ఒక్కో గది చొప్పున మిగతా గదులన్నీ చకచకా ముగించుకుని, గేటు దాటుతూనే ఫోన్ చేసింది.

"ఏమైంది? పోయిందా?" అన్నాడు భర్త.

"అది తరవాత. అత్తయ్యని తీసుకుని పెద్దాసుపత్రికి రండి. మెట్లు దిగేటప్పుడు పట్టుకోండి. ఆ నోటుబుక్కు కూడా తీసుకురండి."

"నోటుబుక్కెందుకు?"

ఆమె అప్పటికే ఫోన్ పెట్టేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అత్తగారి ఛాతీకి వైర్లు తగిలించి, మెషిన్‌లోంచి వచ్చిన పొడుగాటి గీతల కాగితాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చూస్తుండగా, కోడలి సంచీలో ఫోన్ మోగింది. ఆమె చూపు మాత్రం కాగితం మీదే ఉంది. భర్తే ఫోన్ తీశాడు.

"పాసయ్యావు," అన్నాడు. "అన్ని గదుల్లోనూ పాసయ్యావు."

అత్తగారు మంచం మీంచే చెయ్యి చాచి కోడలి బుగ్గ నిమిరింది. "నాకు తెలుసే. ఆ మాస్టారికే తెలీదు."

డాక్టరమ్మ కాగితం మడిచింది. "సరైన వేళకి తెచ్చారు. మందులు వాడితే మళ్లీ మామూలుగా తిరుగుతారు. ఇంకో నెల ఆగుంటే గుండెలో నెత్తురు గడ్డకట్టి పక్షవాతం వచ్చేదేమో. ఎవరు కనిపెట్టారు?"

కోడలు నోటుబుక్కు అందించింది. డాక్టరమ్మ ఒక్కో పేజీ తిప్పుతూ చదివింది.

"ఈ ఎర్ర ఇంటూలేంటి?"

"అవి," భర్త నీళ్లు నమిలాడు, "మా ఆవిడ లెక్క తప్పినప్పుడల్లా నేను కొట్టినవండీ."

"నాడి ఒకే తీరున కొట్టుకోని చోట వేలికి పెట్టే మెషిన్ తికమకపడుతుంది, మనిషి వేళ్లు పడవు," అంటూ డాక్టరమ్మ తన పెన్ను తీసి, మొదటి పేజీ నుంచి ప్రతి ఇంటూ పక్కనా టిక్కు పెట్టుకుంటూ వెళ్లింది. "నెల రోజులూ తప్పింది మీ ఆవిడ లెక్క కాదండీ, మీ అమ్మగారి గుండె."