పెద్దన్న మాట

“నువ్వు ఆడదానివని రుజువేమిటి?”

ఫోనులో ఆ ప్రశ్న చూసి క్రేనమ్మకు ఒళ్లు మండింది. అడిగినవాడు ఎవరో ఆమెకు తెలియదు. వాడు పెట్టుకున్న పేరు ‘నిప్పులాంటి నిజం’. వాడేం రాసినా చప్పట్లు కొట్టడానికి ఒక గుంపు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

భవనం కట్టే సైటులో అందరూ ఆమెను క్రేనమ్మ అనే పిలుస్తారు. సగం లేచిన భవనం పక్కన పసుపు రంగు క్రేన్, దాని నెత్తిన అద్దాల గది, ఆ గదిలో రాత్రి డ్యూటీ ఆమెది. ఇప్పుడు భద్రత పేరు చెప్పి ఆడవాళ్లను రాత్రి పనుల నుంచి తప్పించే నిబంధన ఒకటి రాబోతోంది. అది వస్తే ఆమె క్రేన్ దిగి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఆన్‌లైన్ చర్చావేదిక వాళ్లు జనం అభిప్రాయాలను ఈ సాయంత్రమే ప్రభుత్వానికి పంపుతున్నారు. అందులో తన మాట ఉండి తీరాలని ఆమె పంతం.

“రాత్రి క్రేన్ నడిపేదాన్ని నేను. కింద దీపాలు పెట్టించండి. మరుగుదొడ్డికి గడియ వేయించండి. నన్ను ఇంటికి పంపడం మాత్రం రక్షణ కాదు” అని రాసింది. అంతే, అందరూ ఒంటికాలి మీద లేచారు.

“ఎందుకే నీకీ గొడవ?” అంది స్టోరు చూసే అక్క. రేకుల గదిలో పక్కనే కూర్చుని గ్లవుజులకు జతలు కలుపుతూనే ఆమె కూడా తన ఫోనులో ఆ తగువంతా చూస్తోంది. “ముక్కూ మొహం తెలియనివాళ్లతో!”

“ముక్కూ మొహం లేనివాళ్లే నా కుర్చీ లాక్కుంటుంటే ఏం చెయ్యమంటావక్కా?”

బట్టలు మార్చుకునే ఆ రేకుల గదిలోనే హెల్మెట్ పెట్టుకుని ఫొటో తీసి పెట్టింది. “ఆ వేళ్లు చూడండి, మగాడి వేళ్లు” అన్నాడొకడు. వీడియో తీసి మాట్లాడింది. “గొంతు మార్చే యాప్‌లు బోలెడున్నాయి. మా చెవుల్లో పువ్వులు పెట్టకు” అన్నాడు ఇంకొకడు.

“ఇంత తెగించి వాదించే ఆడది ఎక్కడుంది? ఆడవాళ్ల పరువు తీయడానికి ఎవడో వేషం కట్టాడు” అని నిప్పులాంటి నిజం తేల్చేశాడు.

ఆడవాళ్ల పరువు గురించి అంతగా బెంగపడిపోతున్న ఆ గుంపులో, ఒక ఆడది నోరు తెరిస్తే నమ్మే నాథుడు లేడు.

చివరికి వేదిక నిర్వాహకుడు దిగాడు. పాపం, మర్యాదస్తుడు. “అమ్మా, దొంగ ఖాతాల మాటలు మేము పంపలేం. మీ ఇంట్లో మగవాళ్లెవరైనా వచ్చి, మీరు ఆడవారేనని ఒక్కమాట చెబితే చేర్చేస్తాం.”

“పోనీ మీ ఆయనకి ఫోన్ చెయ్యవే. ఒక్క మాటేగా” అంది అక్క.

“చెయ్యను. అంత ఎత్తు ఒక్కదాన్నే ఎక్కుతున్నా. నోరు విప్పడానికి తోడెందుకు?”

“నీ మొండితనం తగలెయ్య! అయితే ఆశ వదులుకో.”

క్రేనమ్మ వదలలేదు. టకటకా టైపు చేసింది. “మా ఆయన ఎవరో మీకేం తెలుసు? మీకు తెలిసిన మనిషే చెబితే? పెద్దన్న చెబితే నమ్ముతారా?”

గుంపు జోరు కాస్త తగ్గింది. పెద్దన్న అంటే ఆ వేదికలో అందరికీ గురి. కళ్లజోడు బొమ్మ పెట్టుకుని, తూచినట్టు రాసే మనిషి. ఈ నిబంధన తప్పని నిన్న ఆయన రాసినప్పుడు నిప్పులాంటి నిజం కూడా, “ఒప్పుకోలేను గానీ, మీరంటే గౌరవం అన్నా” అని ఊరుకున్నాడు.

“పెద్దన్న చెబితే ఇక తిరుగులేదు” అని నిర్వాహకుడు ఒప్పుకున్నాడు.

“ఆయన నీకు తెలుసా?” అక్క ఆశగా అడిగింది. “అంత పెద్దమనిషి ఈ రొచ్చులోకి వస్తాడంటావా?”

“రాక ఎక్కడికి పోతాడు?” అంటూ క్రేనమ్మ ఫోను మీదికి వంగింది.

కాసేపటికి పెద్దన్న వచ్చాడు. “ఈ అమ్మాయి పుట్టినప్పటి నుంచీ నాకు తెలుసు. ముమ్మాటికీ ఆడదే.”

ఇక చూడాలి! క్షమించమన్నవాళ్లు, చెల్లెమ్మా అన్నవాళ్లు, మొదటి నుంచీ నమ్మామన్నవాళ్లు. నిప్పులాంటి నిజం సైతం రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టాడు. “మీ అభిప్రాయం చేర్చి, అన్నీ కలిపి పంపేశాం అమ్మా. పెద్దన్నకు ధన్యవాదాలు” అన్నాడు నిర్వాహకుడు.

“చూశావా, మగాడి మాటంటే ఎంత విలువో!” అక్క సంబరపడిపోయింది. “పనైపోయింది. ఇక లే, డ్యూటీకి టైమైంది.”

“ఇంకా కాలేదక్కా.”

క్రేనమ్మ మొహంలో నవ్వు లేదు. మళ్లీ ఏదో టైపు చేస్తోంది. ఏమిటా అని అక్క ఆమె భుజం మీదుగా తొంగిచూసింది. తెర మీద, ఖాతా పేరు పక్కన, కళ్లజోడు బొమ్మ.

“ఓసి నీ… ఆ పెద్దన్నవి నువ్వా!”

“నా పేరుతో రాస్తే బూతులొచ్చాయి. ఈయన పేరుతో రాస్తే దండాలొచ్చాయి” అంటూ క్రేనమ్మ పంపే బటన్ నొక్కింది.

పెద్దన్న ఆఖరి మాట అందరి ఫోన్లలోనూ మెరిసింది. “ఆమె ఆడదని నేను చెబితే నమ్మారు. మరి, నేను మగాణ్ణని మీకెవరు చెప్పారు?”