కొత్త మోకు

“నా పెనిమిటి మోకు తెగి తాటిచెట్టు మీదికెల్లి పడ్డడని నీకు చెప్తే, దోస్తే మోకు కోసి చంపిండని నవల రాస్తవా?” ప్రేమలత ఆ నవల అచ్చైన వారపత్రికను షాజియా ఒళ్లోకి విసిరికొట్టింది. “ఐతారం నాకూ ఆ దోస్తు వేణుకూ లగ్గం. కోరుట్లంత ఆయన దిక్కే చూస్తున్నది!”

“పేర్లు మార్చిన కద లతా.”

“నీ మిస్టరీల మన్నువడ! ఆయన మీద అనుమానం నీకెట్లొచ్చింది?”

“నువ్వు చెప్పినంకనే.”

నవల కోసం అప్పట్లో రికార్డు చేసుకున్న మాటలను షాజియా ఫోన్లో పెట్టింది. లత గొంతే పలికింది: “మోకు కొత్తదే అక్కా, నెల గూడ కాలే. మా ఆయన దాన్ని ఎవ్వర్నీ ముట్టనియ్యకపోయేది, వేణును తప్ప. తన మోకు పాడైందని ముందురోజే వేణు అడిగి తీస్కపోయిండు. పడ్డనాడు పొద్దుగాల తెచ్చిచ్చిండు.”

అరవడానికి లత నోరు తెరిచింది. అంతలోనే ఫోను లాక్కుని తన మాటలనే మళ్లీ వింది.

“కొత్తది... ఎట్ల తెగుతది?” అంది చివరికి.



బయట బైకు హారన్ మోగింది. “లతా! ఇంకెంతసేపే? పెండ్లి చీర కొనేదుంది!” వేణు గొంతు.

లత పిడికిళ్లు బిగుసుకున్నాయి.

“అక్కా, ముందు తలుపు గడియ పెట్టు.”